1904 నాటి విజయనగరం ప్రేమకథకి స్టైల్ ఎక్కణ్ణుంచి తేవాలి?

శ్రీకాకుళం తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇదీ. 1904లో విజయనగరం. బ్రాహ్మణుల ఇంట్లో ఒక చిన్నవయసు వితంతువు, ఆ ఇంటి వీధిగదిలో అద్దెకి దిగిన స్కూలు మేష్టారు. ఇద్దరి మధ్యా ప్రేమ. నలభై నిమిషాల సినిమా. వాంగ్ కార్-వై 2000లో తీసిన 'ఇన్ ది మూడ్ ఫర్ లవ్' చూసి, అంత స్టైల్‌గా తీయాలని ఆశ. చేతిలో డబ్బు తక్కువ. ఆ కాలం తేవడానికి ఏమేం చూసుకోవాలి, ఆఖర్న ఆమె నూతిలో దూకే సీను ఉంచాలా వద్దా?

విజయనగరంలోనే పెరిగి, సినిమాల ఆర్ట్ డిపార్ట్‌మెంటులో చాలాకాలంగా పనిచేస్తున్నవాణ్ణి. సెట్టు గురించీ సామాన్ల గురించీ చెప్పడానికి చాలా ఉంది కానీ, దానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. నిషిద్ధ ప్రేమ మీద సినిమా తీస్తే స్టైల్ ఆ నిషేధంలోంచే రావాలి. రంగులూ స్లోమోషనూ తర్వాతి సంగతి. ఎవరు ఎక్కడ నిలబడొచ్చు, ఎవరు ఎవర్ని చూడొచ్చు, ఎవరి గొంతు ఎంతవరకు వినిపించొచ్చు అని ఆ ఇంట్లో ఉన్న కట్టుబాట్లే మీ కెమెరాకీ కట్టుబాట్లు కావాలి.

మీరు మెచ్చిన సినిమానే చూడండి. కథ 1962 హాంకాంగ్‌ది. పక్కపక్క గదుల్లో అద్దెకున్న ఇద్దరు. ఆవిడ భర్తకీ ఇతని భార్యకీ సంబంధం ఉందని వీళ్ళకి తెలుస్తుంది. ఆ భర్త మొహం, ఆ భార్య మొహం సినిమా మొత్తం మీద మనకి చూపించరు. వీపులు, గొంతులు, అంతే. ఇరుకు మెట్లు, ఇరుకు నడవలు, తలుపు సందుల్లోంచి చూసినట్టుండే ఫ్రేములు. ఇరుగుపొరుగు కళ్ళు పడతాయన్న భయమే అక్కడ కెమెరా స్థానాన్ని నిర్ణయించింది. పాత హాంకాంగ్ వీధులు దొరక్క కొంత బ్యాంకాక్‌లో తీశారు. మనందరికీ గుర్తుండిపోయిన ఆ వయొలిన్ బాణీ కూడా షిగేరు ఉమెబయాషి 1991 నాటి ఒక జపాన్ సినిమాకి చేసినదే. ఊరు వేరేది, బాణీ అరువుది. అయినా ఎక్కడా అతుకు కనపడదంటే, ఆ ఇద్దరి భయం మొదటి షాటు నుంచి చివరిదాకా ఒక్కలాగే పట్టుకున్నారు కాబట్టి.

అయితే ఆ మొహాలు చూపించకపోవడాన్ని మాత్రం మీరు తీసుకోకండి. అత్తమామల మొహాలు దాచేద్దామని మీరు రాశారు, దానికి నేను ఒప్పుకోను. హాంకాంగ్ కథలో ఆ ఇద్దరూ "మనం వాళ్ళలా కాకూడదు" అని తమకి తామే గిరి గీసుకున్నారు. మీ కథలో గిరి గీసింది ఇంటి పెద్దలు. వాళ్ళ మొహాలు దాచేస్తే చేసినవాళ్ళు ఎవరూ లేకుండా పోతారు, తప్పంతా కాలానిదైపోతుంది. అత్తగారి మొహం దగ్గరగా చూపించండి. కోడలికి జ్వరం వస్తే రాత్రంతా తడిగుడ్డ వేసేది ఆవిడే, మంగలికి కబురు పెట్టేదీ ఆవిడే. ఆ రెండు పనులప్పుడూ ఒకే మొహం కనిపించాలి.

నిషేధం ఏమిటో కచ్చితంగా రాసుకోండి. మేష్టారిది ఏ కులమో మీరు చెప్పలేదు. అతనూ బ్రాహ్మణుడైతే అడ్డు వైధవ్యం ఒక్కటే. చట్టం దారి ఇచ్చి అప్పటికి దాదాపు యాభై ఏళ్ళయింది: వితంతు పునర్వివాహ చట్టం 1856లోనే వచ్చింది. వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించింది 1881 డిసెంబరు 11న. అంటే 1904 నాటికి మీ మేష్టారికి ఈ సంగతులన్నీ తెలిసే ఉంటాయి. కానీ అదే 1856 చట్టం రెండో సెక్షన్లో, మళ్ళీ పెళ్ళి చేసుకున్న వితంతువుకి చనిపోయిన భర్త ఆస్తి మీద ఉన్న హక్కు పోతుందని కూడా ఉంది. ఆమెకి ఆ ఇంట్లో భరణంగా వచ్చే నాలుగు గింజలు కూడా ఆ హక్కు మీదే ఆధారపడ్డాయి. మీ స్క్రిప్టులో ఈ మాట ఎక్కడా లేదు. మామగారు కోపంతో అరిచే మూడు పేజీల కంటే, ఆయన కాగితాలు ముందేసుకుని ఈ ఒక్క విషయం నెమ్మదిగా చెప్తే ఎక్కువ భయం పుడుతుంది.

మేష్టారు వేరే కులమైతే మాత్రం అది వేరే సినిమా. 1872 చట్టం కింద రిజిస్టరు పెళ్ళి చేసుకోవాలంటే తాము హిందువులం కామని ఇద్దరూ రాసివ్వాలి. అద్దెకి గది ఇవ్వడం, బావి వాడుకోనివ్వడం కూడా మారిపోతాయి. నలభై నిమిషాల్లో రెండు అడ్డుగోడలు పట్టవు. ఒకే కులం చేయండి.

ఇంకో సంగతి. అదే ఊళ్ళో, అదే వీధి చివర, చాలా శ్రామిక కులాల్లో మారుమనువు మామూలు ఆచారం. మీ కథలో పనిమనిషి ఉంది కదా, ఆమెని నేపథ్యంలో నీళ్ళు మోసే మనిషిగా వదిలేశారు. ఆమె మారుమనువు చేసుకున్న మనిషైతే? అంట్లు తోముతూ తలెత్తకుండా, "మా అయ్య నన్ను రెండోపాలి ఇచ్చినాడమ్మా, మాకేటి అడ్డు నేదు" అంటే చాలు. లోకం మొత్తానికి ఉన్న నియమం కాదని, ఈ గోడల మధ్యనే ఉందని ప్రేక్షకుడికి అర్థమైపోతుంది. నాయిక చేతిలో పని ఆగిపోతుంది. అంతకుమించి డైలాగు వద్దు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి, ఎదురు రావడం. బయటికి బయల్దేరుతుంటే వితంతువు ఎదురొస్తే అపశకునం. మన నాయనమ్మల కాలం దాకా ఇది బతికే ఉంది, ఇప్పటికీ చాలా ఇళ్ళల్లో పూర్తిగా చావలేదు. మీకు కావలసిన స్టైల్ మొత్తం ఈ ఒక్క నియమంలో ఉంది. వీధి గుమ్మం ఎదురుగా, సావిట్లో నేల మీద కూర్చున్న మనిషి కళ్ళ ఎత్తులో కెమెరా పెట్టండి. లెన్సు మార్చకండి. సినిమాలో ఎవరు బయటికి బయల్దేరినా అదే చోటునుంచి చూపించండి.

మొదటిసారి మామగారు కోర్టు పని మీద వెళ్తున్నారు. అత్తగారు పెద్దకోడల్ని నీళ్ళబిందెతో ఎదురు పంపిస్తుంది. చిన్నకోడలు తలుపు వెనక్కి తప్పుకుంటుంది. మనకి ఆమె మొహం కనపడదు, తలుపు అంచున నాలుగు వేళ్ళు మాత్రం. రెండోసారి మేష్టారు బడికి వెళ్తుంటాడు. ఆమె నూతి దగ్గర్నుంచి వస్తూ అతని చెప్పుల చప్పుడు విని గోడవైపు తిరిగిపోతుంది. ఎవరూ చెప్పనక్కర్లేదు, ఒంటికి అలవాటైపోయింది. అతను చూస్తాడు. మూడోసారి అతను గుమ్మం దిగి ఆగిపోతాడు. గొడుగు విప్పుతాడు, మూస్తాడు. తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకుంటాడు. లోపల్నుంచి అత్తగారు "ఇంకా వెళ్ళలేదా మేష్టారూ, బడివేళ మించిపోతోంది" అంటుంది. అతను కదలడు. ఆమె బిందెతో నడవ చివర ఆగిపోయి ఉంది. ఎండ గడప దాటి ఒక జానెడు లోపలికి జరుగుతుంది. అప్పుడామె నడుచుకుంటూ వచ్చి అతనికి ఎదురు పడుతుంది. అతను తల వంచి, శకునం చూసుకున్నవాడిలా బయల్దేరి వెళ్తాడు.

ముట్టుకోలేదు, మాట్లాడలేదు. మన ప్రేక్షకుడికి, ముఖ్యంగా మన ఆడవాళ్ళకి, ఇంతకంటే పెద్ద ప్రేమ సీను మీరు చూపించలేరు. దీనికి క్రేను అక్కర్లేదు, సెట్టు అక్కర్లేదు. మూడు షాట్ల మధ్యా నెలలు గడిచాయని తెలియడానికి ఎండ పడే కోణం మారితే చాలు. కాబట్టి ఆ మూడూ ఒకే రోజున మూడు వేర్వేరు వేళల్లో తీసేసుకోవచ్చు.

బట్టల సంగతి. ఆ హాంకాంగ్ సినిమాలో నాయిక చోంగ్‌సామ్ (చైనా ఆడవాళ్ళు తొడుక్కునే, ఒంటికి అతుక్కునే పొడుగు గౌను) మారితే రోజు మారిందని తెలుస్తుంది. మీ నాయికకి ఆ వీలు లేదు. ఎప్పుడూ అదే తెల్లచీర, జాకెట్టు లేదు, గాజులు లేవు, బొట్టు లేదు. దీన్ని కొరత అనుకోకండి. తెలుపులోనే తేడాలు చూపించండి: పొద్దున మడిచీర తడి, మధ్యాహ్నం ఆరిన ముడతలు, సాయంత్రం పొయ్యి దగ్గర పొగచూరిన కొంగు. బజారులో దొరికే మిల్లు తెలుపు కెమెరా ముందు పూర్తిగా కాలిపోయి మడతలే కనపడవు. చలవ చెయ్యని ముతక నూలు కొని, రెండు మూడు ఉతుకులు ఉతికి, పల్చటి టీ నీళ్ళలో ఒకసారి ముంచండి. పొందూరు నేత దొరికితే మేష్టారి పంచెకీ కండువాకీ వాడండి. కొండపత్తిని వాలుగ చేప దవడతో ఏకి, చేత్తో వడికే ఆ నూలుకి ఉండే సన్నటి మెలిక దగ్గరి షాట్లలో కనిపిస్తుంది. శ్రీకాకుళం సన్ననూలుకి దేశమంతా పేరున్న ప్రాంతం, మేష్టారు అలాంటి బట్ట కట్టడం సహజం కూడా.

చోంగ్‌సామ్‌కి బదులు మీ సినిమాలో జుట్టు ఉంది. తల తీయించే ఆచారం ఆ ఇళ్ళల్లో ఉండేది, ఎప్పుడు తీయించాలనేది ఇంటి పెద్దలు తేల్చేవారు. మీ నాయికకి ఇంకా తీయించలేదు. ముసుగు కిందే ఉన్న ఆ జుట్టుని మొదటి అరగంటలో ఒక్కసారి కూడా పూర్తిగా చూపించకండి. మెడ దగ్గర ఒక పాయ, తలంటుకున్నాక ముసుగు మీద తడి మరక. మంగలి ఫలానా రోజున వస్తాడని ఇంట్లో అనుకోవడం మధ్యలో ఎక్కడో వినిపించాలి. అక్కణ్ణుంచి కథకి గడువు పడిపోతుంది. మీరు రాసిన విలన్ బావగారి పాత్ర అప్పుడు అక్కర్లేదు, తీసెయ్యండి.

ఆమెకి అసలు భర్త గుర్తున్నాడా అనేది కూడా ఆలోచించండి. 'కన్యాశుల్కం' తొలికూర్పు పీఠికలో గురజాడ ఒక లెక్క ఇచ్చారు. విజయనగరం మహారాజావారు విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళ కాలానికి తీయించిన జాబితాలో 1,034 కన్యాశుల్కం పెళ్ళిళ్ళు తేలాయని, వాటిలో 99 మంది పెళ్ళికూతుళ్ళ వయసు ఐదేళ్ళని, ఏడాది నిండిన పిల్లలు కూడా ముగ్గురున్నారని. మీ నాయిక అలాంటి పెళ్ళిళ్ళ తరం మనిషే. పోయిన భర్త ఫోటోకి దండ వేసి ఆమె ఏడ్చే సీను నాకు అబద్ధంగా తోచింది. ఆమెకి గుర్తున్నది పెళ్ళిరోజు ఎవరో ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం, గాజులు తీసేసిన రోజు ఆకలేయడం, ఇలాంటివే అయ్యుంటాయి.

ఇల్లు దొరికితే సగం పని అయిపోయినట్టే. విజయనగరం పాత వీధుల్లోనూ, బొబ్బిలి వైపూ, శ్రీకాకుళం పల్లెల్లోనూ మండువా పెంకుటిళ్ళు ఇంకా ఉన్నాయి. ఇంటివాళ్ళకి ముందుగా కథ చెప్పి ఒప్పించండి, చెప్పకుండా తీసి తర్వాత నొప్పించకండి. మండువాలో నడినెత్తి వెలుగు పడుతుంది, చుట్టూ వసారాలు చీకటిగా ఉంటాయి. తెల్లచీర మండువా దాటే ఆ నాలుగడుగులూ వెలిగి మళ్ళీ ఆరిపోతుంది. ఆమె పగలు మండువా దాటకుండా అంచులమ్మటే నడవాలని ఒక నియమం పెట్టుకుని, ఒక్కసారి మాత్రం తప్పించండి. రాత్రి సీన్లకి ఆముదం దీపం, కిరసనాయిలు బుడ్డి. దీపం వెలుగు రంగు సుమారు 1,900 కెల్విన్ (ఈ అంకె తగ్గేకొద్దీ వెలుగు నారింజవైపు మళ్ళుతుంది). అద్దెకి దొరికే ఎల్‌ఈడీ లైట్లు చాలావరకు 2,700 దగ్గరో 3,200 దగ్గరో ఆగిపోతాయి, కాబట్టి నారింజ జెల్ వేయక తప్పదు. కెమెరా వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదిలారో, ఆ దీపాన్ని తెల్లగా మార్చేసి కష్టమంతా పాడుచేస్తుంది. కంచు, ఇత్తడి సామాను బుడితి వైపు అడిగితే పాతవి దొరుకుతాయి. కొత్తవాటికి చింతపండు పెట్టి తోమకండి, వాటిని మాసిపోనివ్వండి.

ఉత్తరాల సీనులో ఒక పొరపాటు ఉంది. మేష్టారు ఆమెకి పోస్టుకార్డు రాస్తాడని పెట్టారు. పావు అణా కార్డు 1879 నుంచే ఉంది, వస్తువు తప్పు కాదు. కానీ కార్డు అంటే పోస్టుబంట్రోతు నుంచి అత్తగారి దాకా అందరూ చదివేది. ప్రేమించినవాడు ఆ పని చెయ్యడు. అర్ధణా కవరు పెట్టినా, వితంతువు పేరున కవరు రావడమే పెద్ద వార్త. అందుకని కార్డే ఉంచి, దాన్ని మామగారి పేరున రాయించండి. మేష్టారు సెలవులకి సొంతూరు వెళ్ళి, అద్దె బాకీ గురించి కార్డు రాస్తాడు. చివర "తమ ఇంట ఎదురు శకునం మంచిది, నాకు కలిసివచ్చినది" అని ఒక్క వాక్యం. మామగారు పైకి చదువుతారు. ఆమె వంటింట్లో వింటుంది. ఇంటిల్లిపాది ముందూ చదివిన ప్రేమలేఖ అది. పెద్దకోడలు గురించి అన్నాడనుకుని మామగారు మురిసిపోతారు కూడా.

సంగీతం విషయంలో మీరు వీణ అనుకున్నారు. బొబ్బిలి వీణ మన గర్వం, కాదనను. కానీ పీరియడ్ సినిమా అనగానే వీణ వేసెయ్యడం అందరూ చేసేదే, పైగా అది ఆ ఇంటి లోపలి శబ్దం. నేనైతే జముకు పెడతాను. జముకుల కథ ఉత్తరాంధ్రదే. తోలు మూతలోంచి తీగ లాగి వాయిస్తుంటే గొంతులా సాగే ఆ మోత వీధిలోంచి, గోడ అవతలి నుంచి రావాలి. మారుమనువులున్న లోకం నుంచి, ఆ పనిమనిషి లోకం నుంచి వచ్చే శబ్దం అది. మొదట దూరంగా, సినిమా నడిచేకొద్దీ దగ్గరగా. ఇంకే వాయిద్యమూ వద్దు. కళాకారులు మన రెండు జిల్లాల్లోనూ ఉన్నారు. వాళ్ళకి సరైన పారితోషికం ఇచ్చి, టైటిల్స్‌లో పేర్లు వేయండి.

మాట గురించి క్లుప్తంగా: ఇంట్లో అందరూ ఒకేలా మాట్లాడకూడదు. మామగారి భాష, ఆడవాళ్ళ భాష, పనిమనిషి భాష వేరు. 'కన్యాశుల్కం' 1892లో విజయనగరంలోనే మొదట ఆడారు, ఆ మాటల్లోని తేడాలు చెవికి పట్టేదాకా పైకి చదివించండి మీ నటుల చేత. పాత్రల్ని మాత్రం అనుకరించనివ్వకండి. మీది వేరే కథ, వేరే నాడి.

ఊరుని ఎక్కువ చూపించాలని ఆశపడకండి. 1885 నాటి గంటస్తంభం ఇప్పటికీ ఉంది కానీ చుట్టూ వైర్లు, ఫ్లెక్సీలు, షట్టర్లు. దాన్ని గ్రాఫిక్స్‌లో శుభ్రం చేసే డబ్బుతో మీ సినిమా మొత్తం అయిపోతుంది. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, అంటే పొడవాటి మాను చివర పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే జాతర, ఆ సీను ఇంట్లోంచే తీయండి: వీధి కిటికీ చువ్వల వెనక ఆడవాళ్ళ మొహాలు, అందరూ పైకి చూస్తుంటారు, జనం హోరు వినిపిస్తుంది. సిరిమాను మనకి కనపడదు. అందరి కళ్ళూ పైకి ఉన్న ఆ క్షణంలో ఒక్కామె కిందికి, వీధిలోకి చూస్తుంది. ముఖలింగం గుడిలో ఒక సీను అన్నారు, అది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం, ముందస్తు అనుమతి లేకుండా కెమెరా తీయకండి. షూటింగ్ అక్టోబరులో వద్దు. తుపాన్ల నెల, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు చేసిన నష్టం మీకు నేను చెప్పక్కర్లేదు. డిసెంబరు రెండో సగం మంచిది. పొద్దున్నే పొగమంచు కూడా వస్తుంది.

ఇక నూతిలో దూకే సీను. తీసెయ్యండి. అలాంటి చావులు జరగలేదని కాదు, జరిగాయి. కానీ మన సినిమాల్లో కట్టుబాటు దాటిన ఆడదాన్ని చంపి, ఆమె మీద జాలిపడి, ప్రేక్షకుణ్ణి ఇంటికి పంపించడం అలవాటైపోయింది. ఆమె చస్తే ఆ ఇంట్లో ఎవరూ ఏమీ తేల్చుకోనక్కర్లేదు. బతికితేనే అందరికీ కష్టం.

1904 మీకు ఇంకో దారి ఇస్తోంది. 1890లలోనే రైలు మన మీదుగా వచ్చేసింది, 1902 నుంచి ఈ లైను బెంగాల్ నాగపూర్ రైల్వేది. విజయనగరం స్టేషన్లో ఎక్కితే రాజమండ్రి వెళ్ళొచ్చు, వితంతు వివాహాలు చేయించినవాళ్ళు అక్కడున్నారు. చట్టం ఉంది, రైలు ఉంది, మేష్టారు ఉన్నాడు. పోగొట్టుకోవాల్సింది భరణం, ఇల్లు, అత్తగారు, తన పేరు పలికే ప్రతి మనిషీ. ఆమె వెళ్తుందా లేదా అనేది మీరే రాయండి, కానీ ఆమె చేతే తేల్పించండి, మేష్టారి చేత కాదు. వెళ్ళేటట్టయితే ఆ గుమ్మం షాటుని నాలుగోసారి వాడండి. ఈసారి బయల్దేరేది ఆమె. ఎదురు ఎవరు రావాలి అన్నది అత్తగారు నిర్ణయించాలి. ఆ సీను రాసి పంపిస్తే చదివి చెప్తాను. సామాన్ల జాబితా దాని తర్వాత చూద్దాం.